ఈస్టరు తెల్లవారుజామున మన పిల్లలకు ఏమి చెప్పుదము?

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 12:21–28; యోహాను 20:1–18; 1 కొరింథీయులకు 15:20–44.

ఇశ్రాయేలీయులకు పస్కా పండుగను నియమించినప్పుడు దేవుడు దానితోకూడ ఇంకొక సంగతిని సెలవిచ్చెను. మీ పిల్లలు ఈ ఆచారమేమిటని అడుగుదురు, అప్పుడు మీరు జవాబు చెప్పవలెను అని. యొర్దాను దాటిన పిమ్మట పండ్రెండు రాళ్లను నిలువబెట్టించుటలోను ఉద్దేశమదియే (యెహోషువ 4:6, 7). పిల్లవాడు మొదట కన్నులతో చూచును, పిమ్మట అడుగును, అటుతరువాతనే మన మాట వాని హృదయములో దిగును. అడిగినప్పుడు "ఊరకుండుము, ప్రార్థన జరుగుచున్నది" అని గద్దించితిమా, వాడు మరల అడుగడు.

మన పల్లెసంఘములు అనేకములలో ఈ పండుగకు పిల్లలు చూచునదేమి? శనివారము సాయంకాలము పెద్దలు పారలు, చీపుళ్లు తీసికొని సమాధులతోటకు పోవుదురు. కలుపు చెక్కి, సమాధులకు సున్నము వేసి, చెరిగిన పేర్లను మరల వ్రాయుదురు. ఆదివారము కోడికూయు వేళ లేచి, మల్లెపూలు, కొవ్వొత్తులు పట్టుకొని, పాడుకొనుచు అక్కడికే పోవుదురు. సూర్యోదయ ఆరాధన అక్కడనే జరుగును. పిల్లలు దీనినంతటిని చూచుచున్నారు. వారికి ఎవరును ఏమియు చెప్పనియెడల, తమకు తోచిన అర్థమును వారే చెప్పుకొందురు. పొరుగువారు సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుదురు, మనము ఈస్టరుకు తాతకు పూలు పెట్టుదుము, రెండును ఒకటే అని తలంచు పిల్లలు మన ఇండ్లలో లేరని చెప్పగలమా? పొరుగువారిని నిందించుటకు మనమీ మాట చెప్పుట లేదు. మన పిల్లవాడు ఈస్టరును చనిపోయినవారి పండుగ అనుకొని పెరిగినయెడల, లేచిన ప్రభువును గూర్చి వాడు విననట్టే.

అందుకని ఈ ఆచారమును మానవలెనా? అక్కరలేదు. 1732వ సంవత్సరపు ఈస్టరున జర్మనీలోని హెర్న్‌హూట్ అను గ్రామములో మొరేవియను సంఘపు యౌవనస్థులు తెల్లవారకమునుపే శ్మశానభూమికి పోయి కీర్తనలు పాడిరి. ఆ యేటనే ఆ చిన్న సంఘము తన మొదటి మిషనరీలను వెస్టిండీసు దీవులకు పంపెను. వారు తమ శ్మశానమును "దేవుని పొలము" అని పిలిచిరి. ధనికునికైనను కూలివానికైనను అక్కడ ఒక్కటే విధమైన పలకరాయి, నేలకు సమముగా వేయుదురు. (మన సమాధులతోటలలో ఎత్తు కొరకు పోటీపడువారు దీనిని కొంచెము ఆలోచింపవలెను.) పొలము అను మాట రైతుబిడ్డలకు విప్పి చెప్పనక్కరలేదు. విత్తినవాడు కోతకొరకే విత్తును.

కాబట్టి శనివారము పిల్లలను ఇంటియొద్ద విడువక వెంట తీసికొనిపోవలెను. సున్నపు కుంచె వారి చేతికి ఇయ్యవలెను. ఆదివారము చీకటిలో నడుచునప్పుడు నాయనమ్మయో అమ్మమ్మయో వారి చెయ్యి పట్టుకొని ఆ స్త్రీల కథ చెప్పవలెను. వారును ఇట్లే చీకటితోనే లేచిరి, వారి చేతిలోను సువాసన ద్రవ్యములు ఉండెను, ఆ పెద్ద రాయిని ఎవరు పొర్లించుదురో అని దారి పొడుగున చింతించిరి (మార్కు 16:1–3). వారు పోయినది చనిపోయిన దేహమునకు పరిమళములు పూయుటకే, లేచినవానిని చూతుమని కాదు. మొదట ఆ వార్త విన్నవారు స్త్రీలు గనుక, ఈ కథ చెప్పుటకు ఇంటిలోని అవ్వలే తగినవారని మా అభిప్రాయము.

అప్పుడు ఒక ప్రశ్న తప్పక వచ్చును. "నాయనమ్మా, తాత సమాధికూడ ఖాళీగానే ఉన్నదా?"

"లేదు నాయనా, తాత దేహము ఇందులోనే ఉన్నది. ఖాళీ అయినది యేసుప్రభువు సమాధి. ఆయన ముందుగా లేచెను గనుక తాతను కూడ లేపును."

ఇంతకంటె ఎక్కువ చెప్పనక్కరలేదు, తక్కువ చెప్పకూడదు. కొందరు తల్లులు జాలిచేత, "తాత నిద్రపోవుచున్నాడు" అని ఊరకుందురు. నిద్ర అను మాట లేఖనములలో ఉన్నది నిజమే. అయితే అయిదేండ్ల పిల్లవాడు ఆ మాట విని, రాత్రి పండుకొనుటకే భయపడవచ్చును; తానును లేవనేమో అని. లాజరు నిద్రించుచున్నాడని ప్రభువు చెప్పినప్పుడు పెద్దవారైన శిష్యులే పొరబడిరి. అప్పుడాయన, లాజరు చనిపోయెనని వారితో స్పష్టముగా చెప్పెను (యోహాను 11:11–14). మనమును మొదట స్పష్టముగా చెప్పుదము. తాత చనిపోయెను. యేసుప్రభువును నిజముగా చనిపోయెను. మరణమును దాచి పెంచిన బిడ్డకు పునరుత్థానము అద్భుతముగా తోచదు. నిద్రపోయినవాడు లేచుటలో వింత ఏమున్నది?

ఇందుకొరకే ఇంటిలో చేయదగిన చిన్న పని ఒకటి కలదు. మట్టలాదివారమున పిల్లలచేత రెండు మూకుళ్లలో మట్టి పోయించి, ఒకదానిలో పచ్చి పెసలు, రెండవదానిలో వేయించిన పెసలు విత్తించవలెను. రెంటికిని ప్రతిదినము వారే నీళ్లు పోయుదురు. ఈస్టరు నాటికి మొదటి మూకుడు పచ్చగా ఉండును, రెండవది ఉత్త మట్టి. పౌలు భక్తుడు విత్తనపు సాదృశ్యము చెప్పెను గనుక మొదటిదానిని చూపి ఆ సంగతి చెప్పవచ్చును. అయితే అక్కడనే ఆగినయెడల, చచ్చినవారు కాలము వచ్చినప్పుడు తమంతట తామే మొలచుదురని పిల్లవాడు అనుకొనును. అందుచేత రెండవ మూకుడును కూడ చూపవలెను. వేయించిన గింజలో జీవము లేదు, ఎన్ని నీళ్లు పోసినను మొలవదు. మనుష్యుల చేతిలో ప్రభువు అట్లే చంపబడెను. ఆయనను లేపినది ప్రకృతి కాదు, దేవుడు. ఈ భేదమును ఏడెనిమిదేండ్ల పిల్లలు సులువుగా గ్రహించుదురు.

పట్టణపు బడులలో చదువు పిల్లలు రంగువేసిన గ్రుడ్లు, కుందేలు బొమ్మలు ఇంటికి తెచ్చుచున్నారు. లెంతు దినములలో గ్రుడ్లు తినక, ఈస్టరునాడు తినిన దేశములలో ఆ గ్రుడ్ల వాడుక పెరిగినది. కుందేలు జర్మనీ పిల్లల కథ. వాటితో మనకు జగడము లేదు, వాటి అవసరమును లేదు. వాటికంటె గురువారము రాత్రి చంద్రుని చూపుట మేలు. మార్చి 21న గాని తరువాత గాని వచ్చు పున్నమి పిమ్మటి ఆదివారమే ఈస్టరు. అందుచేతనే అది 2025లో ఏప్రిల్ 20న, 2026లో ఏప్రిల్ 5న వచ్చినది. పస్కా పున్నమినాటి పండుగ గనుక, గెత్సేమనే తోటలోను ఆ రాత్రి నిండు వెన్నెల కాయవలసినదే. వాకిట మంచములు వేసికొను దినములలో ఈ మాట చెప్పుటకు వేరే పాఠపుస్తకము ఏల?

సమాధులతోటనుండి తిరిగి వచ్చు వేళకు పిల్లలు ఆకలిగొని యుందురు. లేచిన ప్రభువు సముద్రతీరమున నిప్పులమీద చేపలు, రొట్టె సిద్ధముచేసి, అలసిన శిష్యులను తినుటకు పిలిచెను (యోహాను 21:9–12). ఇంటిలోనివారందరు కూడి కూర్చున్నప్పుడు తండ్రి ఆ భాగము చదువవలెను. చదువురాని తండ్రియైతే పెద్దబిడ్డచేత చదివించవచ్చును. తిను వేళనే మిగిలిన ప్రశ్నలు వచ్చును. "మరి చెల్లి ఎప్పుడు లేచును?" అని, ఆ యేడు చెల్లెలిని పోగొట్టుకొన్న పిల్లవాడు అడుగవచ్చును. ప్రభువు వచ్చునప్పుడు అని చెప్పవలెను. "ఎప్పుడు వచ్చును?" అని మరల అడిగినయెడల, ఆ దినము మనకు తెలియదని ప్రభువే చెప్పెను (మత్తయి 24:36), ఆ మాట బిడ్డతో చెప్పుటకు తల్లి సంకోచింపనక్కరలేదు. కన్నీరు వచ్చినయెడల రానిచ్చి, వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టవలెను.