మేతబీడును వంతులవారిగా మేపు విధానము

నల్లగొండ జిల్లా హాలియా ప్రాంతపు మెట్టబీళ్లలో తొలకరి పడినంతనే పచ్చిక మొలచును. వేసవియంతయు అర్ధాకలితోనున్న పసులను రైతులు వెంటనే ఆ బీటికి తోలుదురు. బీడు చెడుట కారంభము ఆ దినములే.

గడ్డిదుబ్బు తన బలమును వేళ్లయందును మొదటి కాడలయందును దాచుకొనును. పశువు కొరికిన పిదప ఆ నిలువబలముతోనే క్రొత్త ఆకు వేయును. ఆ ఆకు ఎదిగి, వేళ్లకు తిరిగి బలము చేర్చకమునుపే మరల కొరికినచో దుబ్బు క్షీణించును. గడ్డికి చేటు తెచ్చునది ఈ రెండవ కాటే. పసులు రుచిగల గడ్డిని ఏరి తినును గాన అదియే ముందుగా నశించి, ముండ్లగడ్డియు తంగేడును మిగులును. ఎఱ్ఱచెలకపై గడ్డి పోయినచో వానకు మేలిమన్ను కొట్టుకొనిపోవును.

1967లో నాగార్జునసాగరపు ఎడమకాలువకు నీరు వదలిన పిదప ఈ ప్రాంతమున వరిసాగు పెరిగెను. బీడు తగ్గినకొలది మిగిలినదానిని కాపాడుట యవసరము.

పండ్రెండెకరముల బీడుగల రైతు దానిని రెండేసి యెకరముల ఆఱు భాగములు చేసి కంపకంచె వేయవలెను. నీటితొట్టికి అన్ని భాగములనుండి డొంక విడువవలెను. ఐదు భాగములను ఒక్కొక్కటి ఏడేసి దినములు మేపినచో, ప్రతి భాగమునకు 28 దినముల విశ్రాంతి కలుగును. గడువు తీరకున్నను, గడ్డి నాలుగంగుళములకు దిగినచో పసులను మార్చవలెను. వానలు వెనుకబడినప్పుడు గడ్డి మెల్లగా పెరుగును గాన విశ్రాంతిని పొడిగింపవలెను. ఆఱవ భాగమును గింజ రాలువఱకు మూసియుంచినచో, ఆ యెండుగడ్డి వేసవికి అక్కరకు వచ్చును. ఏటేట మూయు భాగమును మార్చవలెను.

పసుల లెక్క ముఖ్యము. 300 కిలోల పశువునకు దినమునకు సుమారు 25 కిలోల పచ్చిగడ్డి కావలెను. ఐదు పసులకు ఏడు దినములకు 875 కిలోలు. బీటిలో నాలుగైదు తావులందు చదరపు మీటరు మేర, నాలుగంగుళముల మొదలు విడిచి కోసి తూచవలెను. సగటున 150 గ్రాములైనచో, సుమారు 8,000 చదరపు మీటర్లుగల రెండెకరములందు 1,200 కిలోలు కలవు. నాలుగవ వంతు త్రొక్కుడున పోయినను 900 కిలోలు మిగులును. గడ్డి ఇంతకు తగ్గినచో పసులను తగ్గింపవలెను, లేదా ఇంటికడ చొప్ప వేయవలెను. వంతు మార్చినంతమాత్రమున లేని గడ్డి పుట్టదు.

తమిళనాడున కాంగేయము ప్రాంతపు రైతులు ‘కొరంగాడు’ అను సొంత బీళ్లకు ముండ్లమొక్కల సజీవకంచె పెంచి, లోపల తెల్లతుమ్మ నీడను గడ్డి కాపాడి, భాగములు మార్చి పసులను మేపు వాడుక కలదు. పేరొందిన కాంగేయపు ఎద్దులు ఈ బీళ్లలో పెరిగినవే.

కావున కంచెపని తొలకరికి ముందే ముగింపవలెను. చొప్పవామిలో కొంత మిగిల్చి, మొదటి వానలు పడిన మూడు వారములు పసులను ఇంటికడనే మేపవలెను. ఆ మూడు వారముల చొప్పయే ఏడాది గడ్డికి పెట్టుబడి.