సెగోవియా నగర సందర్శనము

విద్యార్థులారా! స్పెయిను దేశపటమును ముందుంచుకొని రాజధానియగు మాడ్రిడ్ నగరమును గుర్తింపుడు. అచ్చటినుండి వాయవ్యదిశగా వ్రేలు జరిపినచో గ్వాదర్రామ యను పర్వతపంక్తి యడ్డము వచ్చును. ఆ కొండల కావల, సముద్రమట్టమునకు దాదాపు వేయి మీటర్ల యెత్తున, సెగోవియా యను చిన్న పట్టణము గలదు. జనసంఖ్య యేబదివేలకు కొంచె మటునిటుగా నుండును. మన చరిత్ర వాచకములలో స్పెయిను కొలంబసుతో నారంభమై యతనితోనే ముగియుచుండును గాన, ఈ పేరు మీలో పెక్కురు వినియుండరు. అయినను రోమకులు, మహమ్మదీయులు, యూదులు, కాస్తీలు రాజులు తమ జాడల నింత కొద్దిపాటి నేలపై విడిచిన చోటు లరుదు. 1985వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సంస్థ యీ పాతపట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముగా నంగీకరించినది.

మాడ్రిడ్ నుండి వేగపు రైలు పర్వతగర్భమున తొలిచిన సొరంగములగుండ నరగంటలో నిచ్చటికి చేర్చును. స్టేషను ఊరి వెలుపల బయలులో నున్నది. బస్సు దిగి ప్రధానమగు చౌకులో నడుగిడగానే, నడినెత్తిపై నున్నట్లు రోమకుల జలవాహిని కానవచ్చును.

ఇచ్చట కొంచెము నిలువవలెను. నూట యరువదికి పైబడిన కమానులు, మిక్కిలి లోతైన చోట రెండంతస్తులుగా నొకదానిపై నొకటి నిలిచి, నేలనుండి సుమారు 28 మీటర్లు, అనగా 92 అడుగుల యెత్తున నీటికాలువను మోయుచున్నవి. కోనసీమలో గన్నవరమువద్ద గోదావరిపాయను దాటించు అక్విడక్టును చూచినవారి కీ పని యేమో చెప్పనక్కరలేదు: లోయ కడ్డముగా నీటిని నడిపించుటయే. నీరు సుమారు పది మైళ్ల దూరమున కొండలలో పుట్టిన యేటినుండి వచ్చెడిది. త్రోవలో రాతితొట్ల యందు దానిని కొంతసేపు నిలిపి, యిసుక యడుగున దిగిన పిమ్మట తేటనీటిని ముందునకు సాగనిచ్చెడివారు. యంత్రము లేదు, పంపు లేదు. మొదటినుండి తుదివరకు వాలు చెడకుండ కొలత కట్టుటయే వారి విద్య యంతయు.

ఇరువదివేలకు పైగా నున్న ఆ నల్లరాతి దిమ్మల నడుమ సున్నము లేదు. మరి యెట్లు నిలిచినవి? కమానులోని ప్రతి రాయియు పైన వెడల్పుగను, క్రింద సన్నముగను చెక్కబడినది. క్రిందికి జారనెంచిన రాయి తన కిరుప్రక్కలనున్న రాళ్లను త్రోయును. అవి ప్రక్కవానిని త్రోయును. ఆ త్రోపుడు తుదకు స్తంభములలో దిగి నేలను చేరును. పైబరువు పెరిగినకొలది బిగువును పెరుగును. అయితే నడిమి రాయి పడువరకు కమాను తనంతట నిలువజాలదు. అందుచే మొదట కొయ్యచట్రమును కట్టి, దానిపై రాళ్లు పేర్చి, తరువాత చట్రమును తీసివేయవలెను. రాళ్ల ముఖములపై చిన్నచిన్న గుంట లిప్పటికిని కనబడును. ఇనుప పటకారు కొనలు దిగుట కవి తొలువబడినవి. త్రాడు పైకి లాగినకొలది పటకారు రాతిని మరింత గట్టిగా పట్టుకొనును.

ఈ గుంటలను గూర్చి యూరివారు వేరొక కథ చెప్పుదురు. నిటారైన వీథిలో ప్రతిదినము కుండ మోసి విసిగిన యొక పరిచారిక, కోడికూత లోపల తన యింటివాకిటికి నీరు తెచ్చినచో తన యాత్మ నిత్తునని సైతానుతో నొడంబడెనట. సైతాను రాత్రియెల్ల పనిచేసి, యొక్కరాయి మిగిలియుండగా తెల్లవారుటచే నోడిపోయెనట. గుంటలు వాని వ్రేళ్ల గురుతులట. 2019వ సంవత్సరమున నవ్వుచు చేతిఫోనుతో తన చిత్రమును తానే తీసికొను సైతాను కంచువిగ్రహమును కూడ నెలకొల్పిరి. కొందరు పౌరులు దాని కభ్యంతరము తెలిపిరి. కథ చక్కనిదే. కాని యెండలో రాయి చెక్కినవారి కష్టమును దయ్యమునకు ధారపోయుట న్యాయముగా తోచదు. వారి పేరు లొక్కటియు నిలువలేదు. కట్టించినవారి పేరునకు పట్టిన గతియు నదియే: ముందువైపు పలకపై కంచుటక్షరములు బిగించియుండిరి, అవి యెన్నడో రాలిపోయినవి. వానిని తగిలించిన రంధ్రములనుబట్టి పండితులు ఆ వాక్యమును చదువ యత్నించిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దాంతమునకును రెండవ శతాబ్దారంభమునకును నడుమ నిది కట్టబడినదని తలంతురు.

ఇది పదునేడువందల యేండ్లకు పైగా నీరు తెచ్చినది. దాని నింతకాలము కాపాడినది పురావస్తు భక్తికాదు, దాహము. నీరు కావలసినంతకాలము పడినదానిని మరల కట్టిరి. పదునైదవ శతాబ్దాంతమున ముప్పదియారు కమానులను తిరిగి నిలిపిరి. అవసరము తీరిన పిమ్మటనే రాతికి గడ్డుకాలము వచ్చినది. కమానుల క్రిందుగా మోటారుబండ్లు పోవుచు పొగచేతను అదురుచేతను దానిని క్షీణింపజేయగా, 1990ల దశకమున వాని నచ్చటినుండి తొలగించిరి.

అచ్చటినుండి వీథి యెగుడుగా పోవును. ఇండ్ల గోడలపై సున్నపు పూత పచ్చిగా నున్నపుడే గీసిన లతలు, చక్రములు కనువిందు చేయును. కొంతదూరము పోగా ప్రధానదేవాలయము. పూర్వపు దేవాలయము కోట కెదురుగా నుండెను. 1520వ సంవత్సరమున పట్టణములు రాజుపై తిరుగబడినపుడు, తిరుగుబాటుదారులు దేవాలయమునుండియు, రాజపక్షమువారు కోటనుండియు పోరాడగా నది పాడైనది. అందుచే 1525లో క్రొత్తదానిని కోటకు దూరముగా నూరినడుమ నారంభించిరి. పాతదాని ముఖమంటపముల ప్రాంగణమును మాత్రము విడువక, రాతిరాతిని విప్పి తెచ్చి క్రొత్తచోట కూర్చిరి.

దేవాలయమునకు దక్షిణమున యూదుల వాడ. 1474 డిసెంబరు 13న ఇసబెల్లా యీ యూరనే కాస్తీలు రాణిగా ప్రకటింపబడెను. పదునెనిమిదేండ్లకు, కొలంబసును సాగనంపిన యా 1492వ సంవత్సరముననే, మతము మార్చుకొననొల్లని యూదులు దేశము విడువవలెనని యామెయు ఆమె భర్తయు నాజ్ఞాపించిరి. వారి పెద్ద ప్రార్థనామందిరము నేడు క్రైస్తవ సన్యాసినుల మఠము. 1899లో నది కాలిపోగా మరల కట్టిరి. గుఱ్ఱపులాడము వంటి కమానులు చూచువారికి దాని పూర్వచరిత్రను తెలుపును. లోయ కావలి కొండచరియలో వారి శ్మశానమున్నది. సందర్శకులలో పలువురు కోటకై త్వరపడి దానిని చూడకయే పోవుదురు. అటుపోయి చూచుట మంచిది.

ఎరెస్మా, క్లమోరెస్ అను రెండేరులు కలియు మూలన, బండకొనపై అల్కాసర్ అను రాజదుర్గము ఓడముక్కువలె నిలిచియున్నది. 1764లో దానియందు ఫిరంగిసేన విద్యాలయము స్థాపింపబడినది. 1862 నాటి యగ్నిప్రమాదమున కప్పులు కాలిపోయినవి. నేడు కనబడు శిఖరములు పునర్నిర్మాణములు. దిగువ నేటియొడ్డున రెండవ ఫిలిప్పు 1583లో నారంభించిన టంకశాల గలదు. అంతకుముందు నాణెములను సుత్తితో కొట్టెడివారు. ఇచ్చట నీటిచక్రముచే తిరుగు రెండు రోలర్ల నడుమ వెండిరేకును నడిపి ముద్ర వేసిరి. యంత్రవిద్యయం దభిరుచి గలవారు దీనికి రెండుగంటలు కేటాయింపవలెను.

ఉపాధ్యాయులకు ప్రీతిపాత్రమైన చోటు మరియొకటి యున్నది. కవియగు ఆంతోనియో మచాదో 1919 మొదలు 1932 వరకు నిచ్చటి ఉన్నతపాఠశాలలో ఫ్రెంచిభాష బోధించెను. పనివారికి ఉచితముగా చదువు చెప్పుటకు 1919లో స్థాపింపబడిన ప్రజావిశ్వవిద్యాలయమునకు తోడ్పడినవారిలో నాతడొకడు. అంతర్యుద్ధమున నోడిన పక్షమువాడై, సరిహద్దు దాటి, 1939 ఫిబ్రవరిలో ఫ్రాన్సుదేశమున మరణించెను. ఆతడు కాపురమున్న బాడుగ యింటిని అట్లే యుంచిరి. గదిలో ఇనుపమంచము, చిన్న బల్ల, చలికి కాచుకొను పొయ్యి యొకటి యున్నవి.