లెక్కకు తక్కువని వదిలేయకు

చి|| హారికకు,

నీ ఉత్తరం అందింది. ప్రాజెక్టుకు కొత్త సింథటిక్ ఓపియాయిడ్లు తీసుకుందామనుకుంటే, అవి ఉన్నవే కొద్ది, సింథటిక్ గంజాయి రకాలైతే వందల్లో ఉన్నాయి, అటు వెళ్లమని సీనియర్లు అన్నారట. వాళ్లు చెప్పిన లెక్క నిజమే. 2023 చివరికి యూరప్ డ్రగ్స్ పర్యవేక్షణ సంస్థ జాబితాలో 950కి పైగా కొత్త మత్తు పదార్థాలుంటే, 2009 నుంచి బయటపడిన ఓపియాయిడ్లన్నీ కలిపినా 81. అయినా నువ్వు ఈ విషయం వదులుకోకూడదనే నా కోరిక.

ఎందుకు తక్కువో ముందు చూడు. పాత సరుకు దొరక్కపోతేనో, దానిమీద నిషేధం పడితేనో దొంగ వ్యాపారికి కొత్త అణువు కావాలి. హెరాయిన్ ఎప్పుడూ ఉంది. 1960లో బెల్జియంలో పాల్ యాన్సెన్ తయారుచేసిన ఫెంటనిల్ మార్ఫిన్ కంటే దాదాపు వంద రెట్లు బలమైనది, చిన్న పొట్లమే ఊరంతటికీ సరిపోతుంది. మన దేశంలో ట్రమడాల్ బిళ్లలు పక్కదారి పట్టడం వల్లే 2018లో వాటిని మాదకద్రవ్యాల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. మందుల షాపు బిళ్లే పనికొస్తుంటే కొత్తదాని కోసం ఎవరు తంటాలు పడతారు? పైగా ఓపియాయిడ్లలో మత్తెక్కించే మోతాదుకూ ఊపిరి ఆపే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. 'మనుషుల వాడకానికి కాదు' అని చీటీ అంటించి రీసెర్చ్ కెమికల్స్ అమ్మేవాడికి కూడా కొన్నవాళ్లు వెంటవెంటనే చనిపోతే బేరం సాగదు.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. వచ్చిన ఆ కొద్దివాటిలో చాలావాటిని దొంగ ల్యాబుల్లో కనిపెట్టలేదు. యూ-47700 అమెరికాలో అప్‌జాన్ కంపెనీ 1970లలో చేసింది. ఏహెచ్-7921 ఇంగ్లండులో అలెన్ అండ్ హాన్‌బరీస్‌ది. నైటజీన్లు 1950లలో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ నొప్పి మందుల కోసం వెతుకుతూ చేసినవి. ప్రమాదమని మందులుగా తేకుండా పక్కన పెట్టేశారు. తయారీ వివరాలు మాత్రం పాత పేటెంట్లలో, పత్రికల్లో ఉండిపోయాయి. చైనా 2019 మేలో ఫెంటనిల్ జాతి మొత్తాన్ని ఒకేసారి నియంత్రణలోకి తెచ్చింది. అదే ఏడాది నైటజీన్లలో ఒకటైన ఐసోటోనిటజీన్ యూరప్‌లో కనిపించింది. 2023లో యూరప్‌లో కొత్తగా నమోదైన 26 పదార్థాల్లో ఓపియాయిడ్లు ఏడే, అందులో ఆరు నైటజీన్లు. అదే ఏడాది ఎస్తోనియాలో డ్రగ్స్ మరణాల్లో దాదాపు సగం నైటజీన్లతో ముడిపడ్డవే. నువ్వున్న బర్మింగ్‌హామ్‌లోనూ ఆ వేసవిలో హెరాయిన్‌లో ఇవి కలిసి వరుసగా మనుషులు పోయారు. అందుకే పేర్లు లెక్కపెట్టి ప్రమాదాన్ని అంచనా వేయకూడదంటాను.

అసలు ఆ లెక్కను కూడా పూర్తిగా నమ్మకు. మార్ఫిన్‌ కోసం చేసే మామూలు స్క్రీనింగ్ టెస్టుకు ఫెంటనిల్ అందదు, నైటజీన్లూ అందవు. రక్తంలో ఇవి మిల్లీలీటరుకు ఒకటి రెండు నానోగ్రాములో, అంతకన్నా తక్కువో ఉంటాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్నా, పోల్చి చూసే రిఫరెన్స్ స్టాండర్డ్ లేకపోతే రిపోర్టులో ఆ పేరు రాదు. హెరాయిన్ మరణమని రాసి ఫైలు మూసేస్తారు. వెతకనివాళ్లకు తక్కువే కనిపిస్తాయమ్మా.

గైడ్‌ను కలిసినప్పుడు ఏ విషయం తీసుకోవాలని అడగకు. ల్యాబులో నైటజీన్ల స్టాండర్డ్స్ ఏవేవి ఉన్నాయో అడుగు. లేకపోతే ఇప్పుడే ఆర్డరు పెట్టించు, లైసెన్సులకే నెలలు పడతాయి. కారణం తేలని పాత కేసుల నమూనాలు ఫ్రీజరులో ఉంటే, అనుమతి తీసుకుని మళ్లీ పరీక్షించు. పౌడరు తూచేటప్పుడు ఒంటరిగా ఉండకు, పక్కన విరుగుడు మందు నాలోక్సోన్ ఉండాలి. అది నైటజీన్ల మీదా పనిచేస్తుంది, కానీ ఒక్క డోసు చాలకపోవచ్చు. ఈ చివరి మాట నీ హాస్టల్ స్నేహితులకు కూడా చెప్పు.

నీ మామయ్య