కొత్త ఇంటి కరెంటు బిల్లు: అమ్మలుకు మావయ్య ఉత్తరం

చి॥ల॥సౌ॥ అమ్మలుకు,

  మీ అత్తయ్య నిన్నూ పాపనూ పదే పదే తలుచుకుంటోంది.

నువ్వు పంపిన బిల్లు ఫోటో చూశాను. ఇందిరా నగర్‌లో ఇల్లు కట్టుకునేటప్పుడు ఐదు స్టార్ల ఏసీలు, ఎల్‌ఈడీ లైట్లు, రెండు పొరల అద్దాల కిటికీలు, తేలికపాటి బ్లాకుల గోడలు, అన్నీ కరెంటు ఆదా అవుతుందనే పెట్టించారు. తీరా చూస్తే గోరిమేడు అద్దె ఇంటి బిల్లుకు రెండింతలు వచ్చింది. బిల్డరు మోసం చేశాడేమోనని నీ అనుమానం. మీటరు పాడైందని మీ ఆయన అనుమానం. రాత్రి రెండింటికి లేచి ఆయన ఏసీ ఆపేస్తున్నాడని, మీ అత్తగారు చెమటతో నిద్ర లేస్తున్నారని కూడా రాశావు. ముందు ఆ పని మానెయ్యమను. పుదుచ్చేరి ఉక్కపోతలో పెద్దవాళ్లకీ పసిపిల్లలకీ వడదెబ్బ పగలే తగలాలని లేదు. బిల్లు తగ్గించే దారులు చాలా ఉన్నాయి. ఇంట్లో మనిషి ఒంటిని కష్టపెట్టడం వాటిలో లేదు.

నలభై ఏళ్లు ఇళ్లకు వైరింగు చేసినవాణ్ణి. పైగా మనకు కరెంటు ఇచ్చేది ఒకే శాఖ. నేనుండే యానాం గోదావరి ఒడ్డున ఉన్నా పుదుచ్చేరి ప్రభుత్వ విద్యుత్ శాఖ కిందికే వస్తుంది. నాకూ నీకూ ధర నిర్ణయించేది ఒకే నియంత్రణ మండలి, జేఈఆర్‌సీ. కాబట్టి నీ బిల్లు నాకు కొత్త కాదు. నేను చెప్పిన వరుసలోనే చూసుకుంటూ రా.

మొదట బిల్లు చదువు. మొత్తం ఎంతన్నది తర్వాత. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తీసిన రీడింగో చూడు. గృహప్రవేశం చేసుకున్న కొత్తలో రెండు బిల్లుల కాలం ఒకటిగా కలిసి రావడం మామూలే. తర్వాత నీ కనెక్షన్ ఏ కేటగిరీలో ఉందో చూడు. ఇల్లు కట్టేటప్పుడు తీసుకునే తాత్కాలిక కనెక్షన్‌కు ధర ఎక్కువ. ఇల్లు పూర్తయ్యాక గృహ వినియోగానికి మార్పించుకోకపోతే కాపురం చేస్తున్న ఇంటికి కట్టుబడి ధర పడుతూనే ఉంటుంది. పాత బకాయి, ఇంధన సర్దుబాటు ఛార్జీ, మంజూరైన లోడును బట్టి పడే స్థిర ఛార్జీ వేరువేరుగా రాసుకో. ఇవన్నీ తీసేశాక మిగిలేదే మీరు నిజంగా వాడిన కరెంటు ఖరీదు.

రెండోది, మీటరును అనుమానించే ముందు పరీక్షించు. దీనికి ఎవరినీ పిలవక్కర్లేదు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకు మినుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. సాధారణంగా 3200 అనో 1600 అనో ఉంటుంది. 3200 ఉంటే, ఆ లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ తిరిగినట్టు. ఒక ఆదివారం మధ్యాహ్నం మెయిన్ స్విచ్ ఆపి, ఐదు నిమిషాలు ఆ లైటునే చూడు. ఒక్కసారి కూడా వెలగకూడదు. వెలిగిందా, మీటరు తర్వాత మెయిన్‌కు ముందే ఎక్కడో తేడా ఉంది, లేదా మీటరులోనే ఉంది. మీ ప్రాంత విద్యుత్ శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, మీటరు పరీక్షించమని అడుగు.

వెలగకపోతే మెయిన్ వేసి, ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి మళ్లీ చూడు. ఇక్కడే చాలామంది ఆశ్చర్యపోతారు. ఏమీ నడవడం లేదనుకుంటాం, లైటు మాత్రం నిమిషానికి నాలుగుసార్లు వెలుగుతుంది. నిమిషానికి నాలుగంటే గంటకు 240. దాన్ని 3200తో భాగిస్తే 75 వాట్లు. వైఫై పెట్టె, సెట్‌టాప్ బాక్సు, సీసీ కెమెరాల రికార్డరు, నీళ్ల ఫిల్టరు, ఇన్వర్టరు కలిసి ఆ మాత్రం తినేస్తాయి. రోజంతా నెలంతా లెక్కేస్తే 54 యూనిట్లు. ఇవి కూడా ప్లగ్గుల్లోంచి తీసేశాక ఇంకా వెలుగుతుంటే వైరింగులో లీకేజీ ఉన్నట్టు. ఒక్కో ఎంసీబీ దించుతూ ఏ లైను దగ్గర ఆగుతుందో పట్టుకోవచ్చు. ఆ లైను మీద చెయ్యి వెయ్యొద్దు, లైసెన్సున్న వైర్‌మేన్‌ని పిలిపించు. లీకేజీ డబ్బుతో పోయే సంగతి కాదు, ప్రాణానికి ముప్పు.

ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయనుకుందాం. నా అనుభవంలో పదింట ఎనిమిది ఇళ్లలో సరిగ్గానే ఉంటాయి. అప్పుడు అసలు విషయానికి రావాలి, అది గంటల సంగతి.

ఏసీ మీద అంటించిన స్టార్ల కాగితం ఉంచావా? బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్లది. దాని మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను ఏడాదికి 1600 గంటల వాడకం లెక్కన వేస్తారు. అంటే రోజుకు సగటున నాలుగున్నర గంటలు కూడా కాదు. ఢిల్లీలో చలికాలం ఏసీ ముట్టుకోరు కాబట్టి దేశం మొత్తానికి ఒక సగటు పెట్టారు. మీ ఊళ్లో జనవరి రాత్రులు కొన్ని తప్పిస్తే ఏసీకి సెలవెక్కడిది? నీ ఏసీ మీద 800 అని ఉందనుకో. గంటకు అర యూనిట్. రాత్రి పది గంటలు వేస్తే నెలకు 150. అద్దె ఇంట్లో ఒక్క గదిలో ఏసీ ఉండేది, నలుగురూ అక్కడే పడుకునేవాళ్లు. ఇప్పుడు అత్తగారికో గది, మీకో గది, హాల్లో ఇంకొకటి. రెండు పడక గదులకే 300 యూనిట్లు అయిపోయాయి. ఐదు స్టార్లు అబద్ధం చెప్పలేదమ్మా. గంటకు అయ్యే ఖర్చు తగ్గింది, గంటలు మూడింతలయ్యాయి.

ఇది నీ ఒక్కదాని సంగతీ కాదు. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త బొగ్గు గురించి ఇదే గమనించాడు. తక్కువ బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రాలు వచ్చాక దేశంలో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. చవకగా నడుస్తుందని తెలిస్తే మనిషి ఎక్కువసేపు నడుపుతాడు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సుఖంగా పడుకోవాలనే కదా ఇల్లు కట్టుకున్నది. ఆ సుఖానికి ఎంత అవుతుందో ముందే లెక్క తెలిసి ఉండాలి, అంతే.

దీనికి శ్లాబులు తోడవుతాయి. మనకు వంద యూనిట్లకొక మెట్టు. మూడు వందలు దాటాక పడే ధర, మొదటి వంద ధరకు రెండింతలకు పైనే. అందుకే వాడకం కొంచెం పెరిగినా బిల్లు బాగా పెరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని నీకు మేలుగా కూడా తిప్పుకోవచ్చు. నువ్వు తగ్గించే ప్రతి యూనిట్ అన్నిటికంటే ఖరీదైన మెట్టు మీది నుంచే తగ్గుతుంది.

ఎక్కడ తగ్గించాలో ఇప్పుడు చెబుతాను. లైట్ల గురించి పిల్లను కసురుకోవడం మానెయ్. ఎల్‌ఈడీ బల్బులను ఇంటింటికీ పంచే పథకాన్ని 2014లో దేశంలో అందరికంటే ముందు చేపట్టింది మీ పుదుచ్చేరే. తొమ్మిది వాట్ల బల్బు ఒక యూనిట్ తినాలంటే నూట పది గంటలు వెలగాలి. మీ బిల్లు అక్కడ లేదు.

ఫ్యాన్లు చూడు. పాత ఇంటి నుంచి తెచ్చిన ఫ్యాన్లయితే ఒక్కోటి 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 80 యూనిట్ల తేడా. ఏసీ 22లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు ఎవరికుందో కనుక్కో. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అని బ్యూరో వాళ్లే చెబుతారు. 2020 నుంచి ఏసీలు కంపెనీలోనే 24కు పెట్టి పంపుతున్నారు. నువ్వు 26లో పెట్టి, ఫ్యాను తక్కువలో తిప్పు. ఐదో వంతుకు పైనే తగ్గుతుంది, అత్తగారికి కీళ్లనొప్పులూ రావు.

గీజరుకు స్విచ్ ఎక్కడ పెట్టారు? బాత్రూం లోపలుంటే మర్చిపోతారు. రెండు కిలోవాట్ల గీజరు అరగంట కాలితే ఒక యూనిట్. స్విచ్ బయటికి తెప్పించి, ఎర్ర లైటుండేది వేయించు. మోటారు కూడా అంతే. ట్యాంకు నిండి డాబా మీది నుంచి నీళ్లు కారుతుంటే నీళ్లతోపాటు గంటకు యూనిట్ దాకా కరెంటు పోతోంది. ఫ్లోట్ స్విచ్ పెట్టించు.

ఏసీ బయటి పెట్టెను స్వయంగా వెళ్లి చూడు. ఇక్కడ యానాంలో ఒక కొత్త ఇంట్లో ఇదే గోల వస్తే వెళ్లాను. ఎలివేషన్ అందం చెడుతుందని రెండు పెట్టెలనూ సన్నటి సందులో ఎదురెదురుగా పెట్టి, ముందర డిజైను జాలీ బిగించారు. చెయ్యి పెడితే కొలిమి దగ్గర నిలబడ్డట్టుంది. ఒకటి వదిలిన వేడిని రెండోది పీలుస్తోంది. జాలీ తీయించి, ఒకదాన్ని డాబా మీదికి మార్పించాం. లోపల గది త్వరగా చల్లబడి కంప్రెసరు నెమ్మదించింది. మీ ఇంట్లో కూడా జాలీ ఉందని ఫోటోలో చూశాను. రెండు వారాలకోసారి ఫిల్టర్లు కడగడం నీ పని అనుకోకు, ఆ పని మీ ఆయనకు అప్పగించు.

ఇక ఇంటి సంగతి. రాత్రి తొమ్మిదింటికి మేడ మీది గది పైకప్పు కింద చెయ్యెత్తి చూడు. వేడి తెలుస్తుంది. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు, మీరు పడుకునే వేళకు ఆ వేడిని లోపలికి వదులుతుంది. గోడలకు తేలిక బ్లాకులు వాడినా, పైకప్పు వదిలేస్తే ఏసీ సగం రాత్రి కాంక్రీటును చల్లబరచడంతోనే గడుపుతుంది. డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, పెద్ద భవనాలకు ఇది ఉండాలని. మన దగ్గర చెప్పేవాళ్లు లేకపోయినా చేసుకోవచ్చు. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా గోడ, అద్దం, పైకప్పుల గుండా వచ్చే వేడిని లెక్కపెట్టమంటుంది. అది 500 చదరపు మీటర్లూ ఆపై స్థలాల కోసం రాసింది. మీ ఇంటికి వర్తించదు కాబట్టి బిల్డరు కరపత్రంలో 'ఎనర్జీ ఎఫిషియెంట్' అని రాసినా ఎవరూ కొలిచి చూడరు.

పడమటి కిటికీకి రెండు పొరల అద్దం పెట్టారు గానీ సజ్జ పెట్టలేదు. సాయంత్రపు ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక తెర వేస్తే ఏం లాభం? ఎండను బయటే ఆపాలి. వెదురు చాపైనా బయట వేలాడదియ్యి. మీ ఊళ్లోనే అరవింద ఆశ్రమం వారి గోల్కొండ భవనం ఉంది. 1930ల చివర్లో ఆంటోనిన్ రేమండ్ ఆధ్వర్యంలో కట్టడం మొదలుపెట్టారు. దానికి డబ్బు సాయం మన హైదరాబాదు సంస్థానం దివాను అక్బర్ హైదరీ చొరవతో వచ్చింది. పొడుగు ముఖాలు ఉత్తర దక్షిణాలకు, గోడంతా తెరిచి మూసుకునే పలకలు, పైకప్పు మీద మరో కప్పు, మధ్యలో గాలి ఆడే ఖాళీ. ఏసీ లేకుండానే అక్కడ మనుషులు ఉంటున్నారు. అనుమతి తీసుకుని ఒకసారి మీ ఆయనతో వెళ్లి చూడు. సముద్రం గాలి వచ్చే సాయంత్రాలు కిటికీలు తెరవడం మీకూ అలవాటవుతుంది.

సోలారు పెట్టిద్దామా అని అడిగావు. పెట్టించు, కానీ పైన చెప్పినవన్నీ అయ్యాక. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు రావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీకు వానలు, అప్పుడు తక్కువ. ఒక్క జాగ్రత్త: వచ్చే కరెంటునూ పంపే కరెంటునూ వేరుగా లెక్కించే నెట్ మీటరు బిగించేదాకా సోలారు లైనుకు కలపనివ్వకు. కొన్ని పాత మీటర్లు నువ్వు బయటికి పంపే కరెంటును కూడా నువ్వు వాడినట్టే లెక్కేస్తాయి. సోలారు పెట్టాక బిల్లు పెరిగిందని గోలపెట్టే ఇళ్లలో దీన్ని నేను చూశాను. వాడకం తెలియకుండా పెద్ద సోలారు పెట్టడం కూడా డబ్బు దండగే.

అమ్మలూ, ఒక్క పని ఈ రోజే మొదలుపెట్టు. పాప లెక్కల నోటుబుక్కులో ఒక పేజీ తీసుకుని, రోజూ రాత్రి పడుకునే ముందు మీటరు రీడింగు రాయించు. పక్కన ఆ రోజు ఏసీలు ఎన్ని గంటలు నడిచాయో రాయండి. నెల రోజులు చాలు. ఎక్కడ పోతోందో కాగితమే చెబుతుంది, అప్పుడు మీ ఇద్దరి మధ్యా వాదన ఉండదు. ఆ పేజీ ఫోటో నాకు పంపు, కూర్చుని చూద్దాం. మీ ఇల్లు మంచి ఇల్లే. దాన్ని లెక్క తెలిసి నడిపితే బిల్లు తప్పక దిగుతుంది.

అల్లుడికీ పాపకూ ఆశీస్సులు. మీ అత్తగారికి నమస్కారాలు.

ఇట్లు,
మీ మావయ్య,
యానాం