ఇంజన్ 'మిస్సింగ్': ఇంటి దగ్గరే కారణం కనుక్కోవడం ఎలా?

మన హాస్టల్లో చదివి వెళ్లిన అన్నల్లో కారు నడిపి కుటుంబాన్ని పోషించుకుంటున్నవారు ఉన్నారు. బండి ఆగిన రోజు వారికి సంపాదన లేదు. ఇంజన్ మిస్సింగ్ కొడుతోందనగానే, ఏది చెడిందో తేలకముందే ప్లగ్గులు, కాయిళ్లు అన్నీ మార్పించి డబ్బు పోగొట్టుకుంటారు. అందుకే ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదివిన మేము ఈ పాఠం రాస్తున్నాం.

మిస్సింగ్ అంటే ఏమిటి?

సిలిండరులో పెట్రోలు మండాలంటే మూడు కావాలి: సరైన పాళ్లలో గాలి, పెట్రోలు, సమయానికి స్పార్క్, తగినంత కంప్రెషన్. వీటిలో ఏది తప్పినా ఆ సిలిండరు పనిచేయదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. అంటే నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్లో ప్రతి సిలిండరూ 400 సార్లు మండాలి. ఒకటి మానేస్తే బండి వణుకుతుంది, పికప్, మైలేజీ పడిపోతాయి.

జాగ్రత్తలు

బండిని ఆరుబయట నిలపాలి. మూసిన షెడ్డులో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, చల్లారాకే ప్లగ్గులు విప్పాలి. కాయిల్ నుంచి వచ్చే కరెంటు వేల వోల్టులు ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా దాన్ని ముట్టుకోరాదు.

పరీక్షించే క్రమం

1. చెక్ ఇంజన్ లైటు చూడండి. అది మినుకుమినుకుమంటుంటే బండి నడపవద్దు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌కు చేరి దాన్ని కాల్చేస్తుంది. ఆ పార్టు ఖరీదు చాలా ఎక్కువ.

2. స్కానర్ పెట్టి కోడ్ చదవండి. 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బి.ఎస్.6 కార్లలో ఈ సౌకర్యం ఉంటుంది. పి0301 అంటే ఒకటో సిలిండరు, పి0302 అంటే రెండోది. పి0300 అంటే ఏదో ఒక్క సిలిండరుకే పరిమితం కాని మిస్సింగ్. అప్పుడు గాలి పైపు లీకు, కల్తీ పెట్రోలు వంటి ఉమ్మడి కారణాలు వెతకాలి.

3. పి0301 వచ్చిందనుకుందాం. సిలిండరుకో కాయిల్ ఉన్న బండిలో ఒకటో కాయిల్‌ను రెండోదానితో మార్చి, కోడ్ చెరిపి, బండి నడిపి మళ్లీ చదవండి. కోడ్ పి0302గా మారితే కాయిలే చెడింది. మారకపోతే ప్లగ్గును అలాగే మార్చి చూడండి.

4. ప్లగ్గు కొస రంగు చూడండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి నల్లమసి అయితే పెట్రోలు ఎక్కువవుతోంది. నూనె తడి ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా కాలినట్లుంటే వేడి ఎక్కువ, లేదా పెట్రోలు తక్కువ.

5. కాయిల్, ప్లగ్గు రెండూ మంచివైతే ఇంజెక్టర్, కంప్రెషన్ పరీక్షలు మిగులుతాయి. వాటికి మెకానిక్ దగ్గరకు వెళ్లాలి. అప్పుడైనా "ఒకటో సిలిండరులో లోపం, కాయిల్, ప్లగ్గు చూశాం" అని చెప్పగలం. అలా చెప్పినవారికి అనవసరమైన పార్టుల బిల్లు పడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఫలితం చూశాకే రెండోది ముట్టుకోవాలి. సైన్స్ ల్యాబులో మనం నేర్చుకున్న పద్ధతి ఇదే. మార్కుల కోసం నేర్చిన ఆ పద్ధతే రేపు మన చేతి పనికి విలువ తెస్తుంది.