రాళ్లకు మెరుగు పెట్టేవాళ్ల హక్కులు, హద్దులు: తరచూ అడిగే ప్రశ్నలు

తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల చాలావరకు ఒండ్రు నేల, లేకుంటే ఇసుక నేల. నాగలికి రాయి తగలడమే అరుదు. ఇలాంటి చోట ఇంట్లో రాక్ టంబ్లర్ పెట్టుకుని, చిన్న మోటారు మీద డ్రమ్ము తిప్పుతూ గులకరాళ్లకీ సీసా పెంకులకీ మెరుగు పెట్టాలనుకుంటే మొట్టమొదట వచ్చే ప్రశ్న రాయి ఎక్కడిది అని. తర్వాత పక్కింటివాళ్ల నిద్ర, మురుగు కాలువ, కరెంటు బిల్లు వరసగా వస్తాయి. ఈ పనిలో మిషను ఇబ్బందికీ, మనుషులతో వచ్చే ఇబ్బందికీ చాలాసార్లు మూలం ఒకటే. అందుకే రెండిటి సంగతీ కలిపే చెబుతున్నాను.

సూర్యలంక సముద్రపు ఒడ్డున, కృష్ణ రేవులో దొరికే రాళ్లు ఏరి తెచ్చుకోవచ్చా?

కాళ్ల దగ్గర పడి ఉన్న రాయి ఎవరిదీ కాదనిపిస్తుంది. చట్టం దృష్టిలో నది, సముద్రతీరం ప్రభుత్వ భూములు. అక్కడి రాయి ఖనిజం. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలోని 4(1ఎ) సెక్షన్ ప్రకారం నిబంధనలకు విరుద్ధంగా ఏ ఖనిజాన్నీ రవాణా చేయకూడదు, నిల్వ ఉంచకూడదు. ఇంత బరువు దాటితేనే అని ఆ సెక్షన్‌లో లేదు. ఉల్లంఘనకు శిక్ష ఐదేళ్ల జైలు దాకా ఉంది. ఆ శిక్షను రాసింది అక్రమ తవ్వకాలను దృష్టిలో పెట్టుకునే. పిల్లాడు జేబులో వేసుకొచ్చిన రెండు రాళ్ల కోసం ఎవరూ ఇంటికి రారు. కానీ గోతాంతో రాళ్లు మోసుకొస్తూ, మెరుగు పెట్టి అమ్ముతూ, సరదాకే చేస్తున్నాను అంటే ఆ మాట నిలబడదు.

మన రాళ్లు ఆ చట్టం కింద పేరు పేరునా ఉన్నాయి. చిన్న తరహా ఖనిజాల మీద నిబంధనలు చేసే అధికారం రాష్ట్రాలది. బాల్ మిల్లుల్లో వాడే చాల్సెడనీ గులకరాళ్లను 1958లోనే ఆ కోవలో చేర్చారు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం మరో 31 ఖనిజాలను అందులోకి తెచ్చింది. అగేట్, జాస్పర్, క్వార్ట్‌జైట్ అన్నీ అందులో ఉన్నాయి. టంబ్లర్ కొన్నవాళ్లు మొదట వెతికేది వీటినే. అనుమతి అడగాల్సింది గనుల శాఖ జిల్లా కార్యాలయంలో. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తెనాలివాళ్లు గుంటూరు జిల్లాలో మిగిలారు, బాపట్ల, రేపల్లెవాళ్లు బాపట్ల జిల్లాకు వెళ్లారు.

తీరం మీద ఇంకో పొర ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ అక్కడ వర్తిస్తుంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఈ ఒడ్డునే కాబట్టి రాళ్ల కోసమైనా సరే ఇసుక తవ్వడం తగదు. గవ్వలతో మరింత జాగ్రత్త. కొన్ని జాతుల గవ్వలు, శంఖాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఉన్నాయి. నిజాంపట్నం వైపు మడ అడవుల్లో రిజర్వు ఫారెస్టు హద్దు దాటితే అటవీ చట్టం వస్తుంది. ఆ చట్టం లెక్కలో రాయి కూడా అటవీ ఉత్పత్తే.

అలలకు అరిగి ఒడ్డుకు చేరిన సీసా ముక్కల సంగతి వేరు. అవి ఖనిజం కాదు, మనం పారేసిన చెత్త. ఏరి తెచ్చుకోండి. నడిచేవాళ్ల పాదాలకూ మేలు.

మరి రాళ్లు ఎక్కడ తెచ్చుకోవాలి?

గ్రానైట్, మార్బుల్ దుకాణాల్లో కోత ముక్కలు పడి ఉంటాయి. అడిగితే చాలామంది ఇస్తారు. చిన్న బిల్లో చీటీయో రాయించుకోండి. రాయి క్వారీ నుంచి పద్ధతిగా వచ్చిందని చూపడానికి అదొక్కటే మీ చేతిలో ఉండే ఆధారం.

అయితే గ్రానైట్ ముక్కలతో అందరికీ ఒక నిరాశ ఎదురవుతుంది. ముతక పొడి నుంచి మెరుగు పొడి దాకా నాలుగు దశలూ పూర్తయ్యాక కూడా రాయి మీద సూదితో పొడిచినట్టు గుంటలు. అది మీ తప్పు కాదు, పొడి తప్పూ కాదు. గ్రానైట్‌లో పలుగు, ఫెల్డ్‌స్పార్, అభ్రకం కలిసి ఉంటాయి. మెత్తటి అభ్రకం రేకు ఊడిపోతే అక్కడ గుంట మిగులుతుంది. రేణువు సన్నగా, దట్టంగా ఉన్న ముక్కలు ఎంచుకుంటే మెరుగు నిలుస్తుంది. బంగారు చుక్కల చీమకుర్తి నల్లరాయి ముక్క దొరికితే వదలకండి. చలువరాయిని, నాపరాయిని మాత్రం వీటితో కలపకండి. మోస్ కొలతలో పలుగురాయి గట్టిదనం 7, చలువరాయిది 3. ఒకే డ్రమ్ములో వేస్తే పలుగు ఇంకా గరుకుగా ఉండగానే చలువరాయి అరిగి పాలనీళ్లవుతుంది.

భట్టిప్రోలు దగ్గర పొలంలో ఒక రాతిపూస దొరికింది. మసకగా ఉంది. డ్రమ్ములో వేయనా?

వద్దు. దయచేసి వేయవద్దు.

తెనాలి, రేపల్లె రైలు మార్గంలోనే ఉంది భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్వినప్పుడు శాసనాలున్న రాతి భరిణెలు, వాటిలో స్ఫటికపు ధాతుపాత్ర బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వమే ఈ నేల మీద స్ఫటికాన్ని అద్దంలా నునుపు చేసి, అత్యంత పవిత్రమనుకున్నదాన్ని అందులో దాచారు. రాళ్లకు మెరుగు పెట్టే ప్రతివాళ్లూ ఆ సంగతి తెలుసుకోవాలని నా కోరిక. పూస మీది ఆ మసక, లోపలి బెజ్జం, దాన్ని తొలిచిన గీతలు చరిత్రకారుడికి చదవదగిన అక్షరాలు. రెండు రోజులు కార్బొరండం అనే గరుకు పొడిలో తిరిగితే ఒక్కటీ మిగలదు.

స్తూపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడానికి నష్టం చేసినా, అందులోంచి ఏదైనా తీసినా రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉండొచ్చు. మీ సొంత పొలంలో దొరికినా 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. భూమిలో దాగి ఉండి పది రూపాయలకు మించిన విలువ చేసే దేన్నయినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలిపినవాడికి ఆ చట్టంలో హక్కులూ ఉన్నాయి. దాచినవాడు వాటిని పోగొట్టుకుంటాడు.

రాత్రంతా గరగర, నిద్ర పట్టడం లేదని పక్కింటివాళ్లు గొడవ. నా ఇంట్లో నా మిషను కదా?

మీ ఇంట్లో మిషను మీదే, దాని చప్పుడు మాత్రం గోడ దాటుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు వరకు. పరిమితిని పది డెసిబెళ్లో అంతకంటే ఎక్కువో మించితే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. దాన్ని తీసుకునే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారులకు ఉంటుంది. అపార్ట్‌మెంట్ అయితే సంఘం నిబంధనలు అదనం. అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

చప్పుడు మితిమీరి వస్తోందంటే డ్రమ్ములోనే ఏదో తేడా ఉందన్నమాట. డ్రమ్ము సగం కూడా నిండకపోతే రాళ్లు జారడం మాని పైనుంచి కింద పడతాయి. ఆ పడే చప్పుడే పక్కింటికి వినిపిస్తుంది. ఆ పడే దెబ్బకే గాజు ముక్కల అంచున అర్ధచంద్రాకారంలో పగుళ్లు కనిపిస్తాయి. మూడింట రెండొంతుల నుంచి ముప్పావు వంతు దాకా నింపండి. రాళ్లు చాలకపోతే పింగాణీ గుళ్లు, ప్లాస్టిక్ గుళ్లు కలపండి. నీళ్లు రాళ్ల పైవరసకు కాస్త కింద వరకు చాలు. ప్లాస్టిక్ డ్రమ్ముకు బదులు రబ్బరు లోపొర ఉన్నది వాడి, మిషను కింద మందపాటి రబ్బరు షీటు పరిస్తే చప్పుడు మరింత తగ్గుతుంది. మేడ మీద శ్లాబుకు తగిలేలా పెట్టకండి.

అయినా సర్దుకోకపోతే పగలు మాత్రమే తిప్పండి. వారం రోజుల దశ అంటే 168 గంటలు. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా తిప్పితే పన్నెండు రోజుల్లో పూర్తవుతుంది. రాత్రి ఆపితే రాయికి ఏమీ కాదు. పొద్దున మోటారు వేసే ముందు డ్రమ్మును చేత్తో నాలుగు సార్లు తిప్పి, అడుగున పేరుకున్న బురద కదిలించండి. కరెంటు పోయి వచ్చినప్పుడూ ఇదే పని. లేకపోతే బెల్టు జారుతుంది, మోటారు వేడెక్కుతుంది.

ఇంటి కరెంటు మీద తిప్పొచ్చా?

సొంత సరదాకైతే తిప్పొచ్చు. 40 వాట్ల మోటారు రోజంతా తిరిగితే ఒక యూనిట్‌కి కాస్త తక్కువ. నాలుగు వారాలకు 27 యూనిట్లు. అమ్మకం మొదలుపెట్టి, మూడు నాలుగు మిషన్లు పెడితే మాత్రం విద్యుత్ సంస్థ సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ఏ కేటగిరీ వర్తిస్తుందో అడగండి. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, అనుమతించిన అవసరానికి కాకుండా వేరేదానికి వాడితే రెట్టింపు రేటుతో లెక్కగడతారు.

డ్రమ్ము కడిగిన బురద ఎక్కడ పారబోయాలి?

సింకులో కాదు, మురుగు కాలువలో కాదు, ఊళ్లోంచి పోయే సాగు కాలువలో అసలే కాదు. ఆ బురద గొట్టం వంపులో పేరుకుని సిమెంటులా బిగుసుకుంటుంది. ఇంట్లో పుట్టిన ఘన వ్యర్థాన్ని కాలువల్లో, నీటి వనరుల్లో వేయకూడదని వ్యర్థాల నిర్వహణ నిబంధనలూ చెబుతున్నాయి. డెల్టాలో ఎన్నో ఊళ్ల తాగునీటి చెరువులు నిండేది ఆ కాలువలతోనే.

బకెట్‌లో పోసి ఒక రోజు ఉంచండి. పైకి తేరిన నీళ్లు మొక్కలు లేని ఖాళీ నేలలో పోయండి. అడుగు బురదను తడిగా ఉండగానే సంచిలో కట్టి, పారిశుద్ధ్య సిబ్బందికి రాతి బురద అని చెప్పి విడిగా ఇవ్వండి. ఎండబెట్టి చీపురుతో ఊడవడమే అన్నిటికంటే చెడ్డ పని.

ఎందుకో చెప్పాలంటే గుజరాత్‌లోని ఖంభాత్ పేరు చెప్పాలి. శతాబ్దాలుగా అగేట్ పూసలకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఇళ్లలోనే సాన చక్రాల మీద పొడిగా రాయి అరగదీసేవాళ్లు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెచ్చింది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధనల్లో, చక్రం ముట్టని ఇంటివాళ్లకూ ఇరుగుపొరుగుకూ ఆ జబ్బు కనిపించింది. ఒకసారి వస్తే తగ్గించే మందు లేదు. మన డ్రమ్ము నీళ్లతో తిరుగుతుంది, తిరిగినంతసేపూ దుమ్ము లేదు. ప్రమాదమంతా దానికి ముందూ వెనకా ఉంది. రాయిని సుత్తితో పగలగొట్టేటప్పుడు తడిపి, గోనెసంచిలో చుట్టి కొట్టండి. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. కార్బొరండం పొడిని పైనుంచి గుమ్మరించకండి. తుడవాల్సి వస్తే తడిగుడ్డతోనే తుడవండి.

ఎలాంటి గాజు పనికొస్తుంది?

సోడా, బీరు, మందుల సీసాల అడుగులు, మందపాటి కిటికీ అద్దాలు మంచివి. కారు వెనక అద్దం పలుకులుగా విరిగిపోతుంది. చేతి గాజు ముక్కలు మరీ సన్నం, అరిగి మాయమవుతాయి. ట్యూబులైటు ముట్టొద్దు, లోపల పాదరసం ఉంటుంది. పాత డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది, ఆ టీవీని ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. రాళ్లకు వాడిన ముతక పొడితో గాజును మొదలుపెట్టకండి. 120/220 రకం చాలు. మెరుగుకు సీరియం ఆక్సైడ్ వాడండి, అద్దాల పనివాళ్ల దగ్గర దొరుకుతుంది. డ్రమ్ము మూత ఉబ్బినట్టు కనిపిస్తే లోపల వాయువు చేరిందని అర్థం. మొహం పక్కకు తిప్పి, నెమ్మదిగా వదులు చేయండి.

ఆన్‌లైన్లో కొన్న మిషను కారుతోంది. వెనక్కి తీసుకోబోమంటున్నారు. ఏం చేయాలి?

ముందు మూత అంచు తుడిచి చూడండి. ఒక్క గ్రిట్ రేణువు అడ్డుపడ్డా కారుతుంది. మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు వేస్తే డ్రమ్ము తిరగదు. రాయి తడిగా ఉన్నంతసేపూ మెరిసి, ఆరాక మసకబారితే వెనకటి దశ గీతలు పోలేదని అర్థం. లేదా పాత పొడి డ్రమ్ములో మిగిలి ఉంది. ఇవేవీ మిషను లోపాలు కావు.

ఇవన్నీ చూశాక కూడా లోపం తేలితే వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లు మీద గడువు రాసి లేకపోతే ముప్పై రోజుల్లోపు లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని అనడం అనుచిత వ్యాపార పద్ధతి. ఈ-కామర్స్ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు, రెండేళ్ల గడువుంది. బిల్లు, పెట్టె విప్పిన వీడియో, దిగుమతిదారు చిరునామా ఉన్న లేబులు దాచుకోండి.

పిల్లలతో చేయించొచ్చా?

చూపించండి, నేర్పండి. రాళ్లు కడగడం, వేరు చేయడం వాళ్లు ఎంతో ఇష్టంగా చేస్తారు. పగలగొట్టడం, పొడి కొలవడం పెద్దవాళ్ల పని. అమ్మకానికి చేసే పనిలో మాత్రం పిల్లల్ని పెట్టకండి. బాల కార్మిక చట్టం ప్రమాదకర పనుల జాబితాలో సిలికా దుమ్ము తగిలే పనుల కింద అగేట్ పరిశ్రమ పేరే రాశారు.

మెరుగు పెట్టినవి అమ్మితే లైసెన్సు కావాలా?

ఆంధ్రప్రదేశ్‌లో వస్తువుల అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. ఉద్యం నమోదు ఉచితం, డబ్బులడిగే మధ్యవర్తుల్ని నమ్మకండి. అసలు చూసుకోవాల్సింది పేరు దగ్గర. బీరు సీసా ముక్కను రత్నమనో, డ్రమ్ములో అరిగినదాన్ని సముద్రం అరగదీసినదనో అమ్మితే అది మోసం. జబ్బు తగ్గుతుందని, గ్రహదోషం పోతుందని రాయడమూ అంతే. గాజైతే గాజు అని, గ్రానైట్ అయితే గ్రానైట్ అని, మెరుగు ఇంట్లో డ్రమ్ములో పెట్టిందని చీటీ మీద రాసి సంచికి కట్టండి.