ఊరి పేర్లలో దాగిన పొరుగువారు

హైదరాబాదులోని బేగంపేట పేరు మీరు వినే వుంటారు. ఆ పేరును రెండుగా విడదీయండి. 'పేట' మనకు తెలిసిన మాటే. మరి 'బేగం'? తుర్కీ భాషల్లో 'బేగ్' అంటే ప్రభువు. 'బేగం' అంటే దొరసాని. ఎక్కడో మధ్య ఆసియాలో వాడుకలో వున్న మాట పర్షియన్, ఉర్దూల మీదుగా ప్రయాణం చేసి, మన 'పేట' పక్కన కుదురుకుంది!

ఇలాంటి జోడింపులు మన దగ్గరే కాదు, రష్యాలో వోల్గా నదికి పడమటగా వున్న మొర్దోవియాలోనూ వున్నాయి. అక్కడి ఊళ్ల పేర్లలోకి తుర్కీ మాటలు ఎలా చేరాయి? వాటిని ఎలా గుర్తుపట్టాలి? చూద్దాం రండి.

ఎవరు ఎవరికి చుట్టాలు?

మొర్దోవియా రష్యాలోని ఒక రిపబ్లిక్కు. దాని రాజధాని సరాన్స్క్. అక్కడి మొర్ద్విన్ ప్రజలకు ఎర్జ్యా, మోక్షా అని రెండు భాషలున్నాయి. 'మోక్షా' అనగానే మన 'మోక్షం' గుర్తుకు వచ్చిందా? రెంటికీ సంబంధమేమీ లేదు. మోక్షా అక్కడి ఒక నది పేరు కూడా. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికి వస్తుంది.

ఎర్జ్యా, మోక్షా భాషలు ఫిన్నిష్, హంగేరియన్ భాషలకు దూరపు చుట్టాలు. పొరుగున వున్న తాతార్లు, చువాష్‌లు మాట్లాడేవి మాత్రం తుర్కీ కుటుంబ భాషలు. టర్కీ దేశపు భాష కూడా ఆ కుటుంబానిదే. రష్యన్ ఈ రెంటికీ చెందక, మరో కుటుంబానికి చెందింది. అంటే ఒకే నేలమీద మూడు భాషాకుటుంబాలు కలుసుకున్నాయన్నమాట.

కలయిక ఎలా జరిగింది?

పదో శతాబ్ది నాటికే వోల్గా నది మధ్యభాగంలో బల్గార్లు అనే తుర్కీ ప్రజలకు రాజ్యం వుండేది. 1236 లో మంగోలు సైన్యాలు దానిమీద దండెత్తి జయించాయి. తర్వాత ఆ ప్రాంతమూ, మొర్ద్విన్ల నేలా 'గోల్డెన్ హోర్డ్' అనే పెద్ద రాజ్యంలో భాగమయ్యాయి. పాలకులు మంగోలులైనా, కాలక్రమాన ఆ రాజ్యంలో చలామణీ అయినది తుర్కీ భాషే. 1552 లో జార్ నాలుగవ ఇవాన్ తాతార్ల కజాన్ నగరాన్ని పట్టుకున్నాడు.

అప్పుడు తాతార్ ప్రభువులు చాలామంది జార్ కొలువులో చేరారు. వీరిని 'ముర్జా'లు అంటారు. సరిహద్దు కాపలా కాసినందుకు వారికి భూములు దక్కాయి. భూమితో పాటు వారి పేర్లు కూడా నేలమీద నిలిచిపోయాయి.

ఉల్లిపాయలాగా ఒలుద్దాం

రుజాయెవ్కా అనే పట్టణం పేరు తీసుకోండి. చివర వున్న 'ఎవ్', 'కా' రష్యన్ ప్రత్యయాలు. 'ఫలానావారి ఊరు' అని చెప్పడానికి అవి వస్తాయి. వాటిని ఒలిచేస్తే 'రుజాయ్' మిగులుతుంది. ఎవరీ రుజాయ్? 1631 లో జార్ నుంచి ఈ భూమికి పట్టా పొందిన ఉరజాయ్ అనే తాతార్ ముర్జా. పైపొర రష్యన్, లోపలి పొర తుర్కీ, వున్నది మొర్ద్విన్ నేల!

టోర్బేయెవో అని మరో ఊరుంది. అది కూడా ఒక ముర్జా పేరుమీద వెలసినదే అంటారు. ఆ పేరు మధ్యలోని 'బేయ్' మన 'బేగ్'కు తోడబుట్టినదే.

ఇక ఎర్జ్యాలు ఎక్కువగా వుండే అత్యాషెవో జిల్లాలో సబన్చేయెవో అనే ఊరుంది. రష్యన్ తోక తీసేస్తే 'సబన్చేయ్' అనే మనిషి పేరు బయటపడుతుంది. తాతార్ భాషలో 'సబన్' అంటే నాగలి. వసంతకాలపు విత్తనాలయ్యాక తాతార్లు చేసుకునే పండుగ పేరు 'సబన్‌తుయ్'. 'చీ' అనేది పని చేసేవాణ్ణి తెలిపే తుర్కీ ప్రత్యయం. మన 'ఖజాంచీ'లో చివర వున్నదీ అదే! కాబట్టి 'సబన్చీ' అంటే నాగలి పట్టేవాడు, అంటే రైతు.

అయితే ఆ ఊరిని తాతార్లే స్థాపించారా? అలా అనుకోనక్కరలేదు. పూర్వం మొర్ద్విన్లు కూడా తమ పిల్లలకు తుర్కీ పేర్లు పెట్టుకునేవారు. బేగంపేటలో వుండేవారందరూ తుర్కులు కారు కదా! ఊరి పేరు ఇరుగుపొరుగుల పరిచయాన్ని చెబుతుందే గాని, వారి పుట్టుకను చెప్పదు.

నదులు మొండివి

ఊళ్ల పేర్లు మారినంత తేలికగా పెద్ద నదుల పేర్లు మారవు. వోల్గాను తాతార్లు 'ఇదెల్' అంటారు. కాని మొర్ద్విన్లు నేటికీ 'రావ్' అనే తమ ప్రాచీన నామాన్నే వాడతారు. ఒక్కోసారి ప్రవాహం వెనక్కు కూడా నడుస్తుంది: 14వ శతాబ్దిలో గోల్డెన్ హోర్డ్ పాలకులు మోక్షా నదీప్రాంతంలో నాణేలు ముద్రించిన నగరం పేరు 'ముఖ్షీ'. పాలకులే స్థానికుల పేరు తీసుకున్నారు!

తొందరపడితే తప్పు

ఒక పేరు 'కర్' అని మొదలైందనుకోండి. తుర్కీలో 'కరా' అంటే నలుపు. సరిపోయిందనుకుంటే పొరపాటే. ఎర్జ్యాలో 'కర్' అంటే చెట్టు నారతో అల్లిన చెప్పు. అందుకే పేరు రెండో సగాన్నీ చూడాలి. అక్కడ 'లేయ్' (వాగు), 'వెలె' (ఊరు), 'పాందో' (కొండ) వంటి ఎర్జ్యా మాటలున్నాయా? పాత దస్తావేజుల్లో ఆ పేరు ఎలా వుంది? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికాకే తీర్పు చెప్పాలి.

ఇలా పరీక్షించాలంటే ఆ భాషలు తెలిసినవారు వుండాలి. ఎర్జ్యా, మోక్షా రెంటినీ యునెస్కో 2010 నాటి అట్లాసులో అంతరించే ప్రమాదమున్న భాషలుగా చేర్చింది. ఆ భాషలు మూగబోతే ఊళ్లు వుంటాయి, పేర్లూ వుంటాయి. కాని 'లేయ్' అంటే వాగు అని చెప్పే పిల్లవాడు వుండడు.

ఇప్పుడు మీ వంతు. మీ ఊరి పేరును కాగితంమీద రాసి, విడదీయండి. చివరి భాగం చుట్టుపక్కల ఊళ్లలోనూ వుందేమో చూడండి. మొదటి భాగం మనిషి పేరా, చెట్టు పేరా, నీటి పేరా? తాతయ్యనూ అమ్మమ్మనూ అడగండి. పాత భూమి పత్రాలుంటే చూపించమనండి. మీ ఊరి పేరులో ఏ పొరుగువాడు దాగి వున్నాడో ఎవరికి తెలుసు!